పాత యంత్రానికి ప్రాణప్రతిష్ఠ

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ పట్టణంలో ఇందా అనే పేట ఉన్నది. ఆ పేరు మొదటిసారి విన్న తెలుగువారికి చిరునవ్వు రాక మానదు. చేతిలోని వస్తువును ఎదుటివారికి అందిస్తూ మనం అనే మాట అది: "ఇందా, తీసుకో." బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుండి ఉద్యోగాల కోసం తరలివచ్చిన తెలుగు కుటుంబాలు ఆ పట్టణంలో తరతరాలుగా స్థిరపడి ఉన్నాయి. తండ్రి పని కొడుకుకు, కొడుకు పని మనుమడికి అందుతూ వచ్చిన రైల్వే ఊరది.

అటువంటి ఊరిలో పాత యంత్రం విలువ ఎవరికీ ప్రత్యేకించి చెప్పనక్కరలేదు. 1855లో ఇంగ్లండులోని లీడ్స్ నగరంలో తయారై, హౌరా, రాణిగంజ్‌ల మధ్య తపాలా బండ్లను లాగిన ఫెయిరీ క్వీన్ అనే ఆవిరి ఇంజను 1909లో విశ్రాంతి పొందింది. ఎనభై ఎనిమిది సంవత్సరాల తరువాత, 1997లో, అది తిరిగి పట్టాలెక్కింది. తుప్పు వదిలించి, అరిగిన భాగాలు మార్చి, బాయిలరు పరీక్షించి, నీరు నింపి నిప్పు రాజేస్తే ఇంజను కదులుతుంది. 1855 నాటి నీటికీ, నేటి నీటికీ తేడా లేదు.

కంప్యూటరు సంగతి అట్లా కాదు. దాని లోహం చెక్కుచెదరకుండా ఉండవచ్చు, విద్యుత్తు అందవచ్చు, ప్రతి తీగా సరిగానే ఉండవచ్చు. అయినా, ఏమి చేయవలెనో చెప్పే ప్రోగ్రాము లేకపోతే అది ఒక బరువైన పెట్టె మాత్రమే. పాత కంప్యూటరును బ్రతికించడమంటే రెండింటిని బ్రతికించడం: ఒకటి దేహం, రెండవది దానికి పుట్టుకతో వచ్చిన మాట. మొదటిదాని కంటె రెండవది త్వరగా నశిస్తుంది.

కార్డుల కట్టలోని ప్రాణం

రైల్వేవారికి ఈ విషయం కొత్తది కాదు. 1960ల ద్వితీయార్ధంలో మన రైల్వేలు ఐబియం 1401 కంప్యూటర్లను తెప్పించి, ఉద్యోగుల జీతాల లెక్కలు, సరుకు రవాణా పద్దులు వాటికి అప్పగించాయి. 1959లో ప్రపంచానికి పరిచయమైన ఆ యంత్రంలో, నేడు మనం ఆపరేటింగ్ సిస్టమ్ అని పిలిచే శాశ్వతమైన మూల ప్రోగ్రాము ఉండనవసరం లేదు. రంధ్రాలు పొడిచిన కార్డుల కట్టను రీడరులో పెట్టి లోడ్ మీట నొక్కితే, ఆ కట్టలో ఉన్నదే యంత్రానికి ప్రాణం. కట్ట తీసివేస్తే యంత్రం మూగది.

ఐబియం 1978లో భారతదేశం నుండి నిష్క్రమించింది. ఆ తరం యంత్రాలు క్రమంగా కనుమరుగయ్యాయి. అమెరికాలో మాత్రం, కాలిఫోర్నియాలోని మౌంటెన్ వ్యూ పట్టణంలో ఉన్న కంప్యూటర్ హిస్టరీ మ్యూజియంలో, విశ్రాంత ఇంజనీర్లు కొందరు చేరి రెండు 1401 యంత్రాలను బాగుచేశారు. ఒకటి జర్మనీ నుండి, రెండవది అమెరికాలోనే కనెక్టికట్ రాష్ట్రం నుండి వచ్చింది.

కార్డులు కంటికి కనిపించే రంధ్రాలు. ఓపిక ఉన్నవారు వాటిని చదువుకోవచ్చు. తరువాతి కాలంలో ప్రోగ్రాములు అయస్కాంతపు పూత పూసిన డిస్కులలోకి చేరాయి. ఆ పూతపై ఏమున్నదో కంటికి తెలియదు. అటువంటి యంత్రాన్ని తిరిగి దాని సొంత ఆపరేటింగ్ సిస్టముతో నడిపించడం ఎంత కష్టమో 2016లో జరిగిన ఒక ప్రయత్నం చక్కగా తెలుపుతుంది.

విపణిలోకి రాని కంప్యూటరు

జిరాక్స్ అనగానే మనకు వీధి మొగలోని నకళ్ల దుకాణం గుర్తుకు వస్తుంది. కాని ఆ కంపెనీకి కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో ఒక పరిశోధనాలయం ఉండేది. 1973లో అక్కడ చక్ థాకర్ ప్రధాన రూపశిల్పిగా ఆల్టో అనే కంప్యూటరు తయారైంది. ఒక గదినిండా ఉండే యంత్రం ముందు పదిమంది వరుస కట్టే ఆ రోజులలో, ఒక మనిషికి ఒక యంత్రం అన్న ఆలోచనతో దానిని నిర్మించారు. నిలువుగా నిలిపిన కాగితం ఆకారంలో తెర. చేతితో జరిపే మౌస్. తెరపై కనిపించినట్లే అచ్చయ్యే అక్షరాలు. ఒక యంత్రాన్ని మరొక యంత్రంతో కలిపే ఈథర్‌నెట్ తీగ. నేటి కంప్యూటరులో మనం సహజమనుకునే అనేక సౌకర్యాలు అందులో ఒక్కచోట చేరాయి. 1979లో ఆ పరిశోధనాలయాన్ని చూడవచ్చిన స్టీవ్ జాబ్స్ తాను చూసినదానిని మరచిపోలేదు.

జిరాక్స్ ఆల్టోను విపణిలోకి తేలేదు. తయారైనవి రమారమి రెండు వేలు. అవి పరిశోధనాలయాలకు, విశ్వవిద్యాలయాలకు, కొన్ని కార్యాలయాలకు చేరాయి. వాటిలో ఒకటి ఆ పరిశోధనాలయపు ప్రముఖులలో ఒకరైన అలన్ కే నుండి వై కాంబినేటర్ అనే సంస్థకు అందింది. దానిని నడిపించే బాధ్యతను కెన్ షిరిఫ్, మార్క్ వెర్డియల్, కార్ల్ క్లాంచ్, లూకా సెవెరీని, రాన్ క్రేన్ మొదలైనవారు స్వీకరించారు. వీరిలో రాన్ క్రేన్ జిరాక్స్‌లో ఈథర్‌నెట్ పని చేసిన ఇంజనీరు.

మీట నొక్కరాదు

ఏండ్ల తరబడి మూలనున్న యంత్రం చేతికి రాగానే ఎవరికైనా మీట నొక్కి చూడాలనిపిస్తుంది. అదే అన్నిటికంటె పెద్ద పొరపాటు. విద్యుత్తును సరిచేసి అందించే భాగంలోని కెపాసిటర్లు కాలక్రమాన ఎండిపోతాయి. అవి చెడి ఐదు వోల్టులకు బదులు మరింత వోల్టేజి ప్రవహిస్తే, వందలాది చిప్పులు క్షణంలో మాడిపోతాయి. అందువల్ల ఈ బృందం మొదట ఆ భాగాలనే పరీక్షించింది. అవి నిలకడగా ఉన్నాయని తేలిన తరువాతే మిగిలిన యంత్రం జోలికి వెళ్లింది.

తరువాత తెరను బాగుచేశారు. ఆ తరువాత డిస్కు డ్రైవు వంతు వచ్చింది. ఆల్టోలోని డయాబ్లో డ్రైవులో, పెద్ద పళ్లెమంత డిస్కు నిమిషానికి 1,500 సార్లు తిరుగుతుంది. చదివే తల దానిని తాకకుండా, సన్నని గాలిపొరపై తేలుతూ ఉంటుంది. నడుమ ధూళికణం చిక్కితే తల డిస్కును గీరుతుంది. వ్రాసి ఉన్నది శాశ్వతంగా పోతుంది. కనుక డ్రైవును విప్పి, తలలను శుభ్రపరచి, అప్పుడు గాని డిస్కును తిప్పరాదు. ఇంత శ్రమపడి కాపాడే ఆ డిస్కులో పట్టేది రెండున్నర మెగాబైట్లు. నేడు జేబులోని ఫోనుతో తీసిన ఒక్క ఛాయాచిత్రం అందులో ఇమడకపోవచ్చు.

చితుకులు, కట్టెలు, బొగ్గు

చల్లారిన ఆవిరి ఇంజనులో ఒకేసారి బొగ్గు అంటుకోదు. మొదట చితుకులు, వాటితో కట్టెలు, కట్టెలతో బొగ్గు. కంప్యూటరు మేల్కొనే విధానం కూడా ఇటువంటిదే. ఆల్టోలో మీట నొక్కగానే, ప్రాసెసరులో స్థిరంగా నిక్షిప్తమైన సూక్ష్మ ఆదేశాలు పని ప్రారంభిస్తాయి. అవి డిస్కులోని మొదటి గడి నుండి 256 పదాలను మాత్రమే జ్ఞాపకశక్తిలోకి తెస్తాయి. ఆ చిన్న తునకకు తెలిసినదల్లా మిగిలిన ప్రోగ్రామును ఎక్కడ వెదకాలో, ఎట్లా తేవాలో. అది ఆపరేటింగ్ సిస్టమును రప్పిస్తుంది. తెర, కీబోర్డు, ఫైళ్లు, ఇతర ప్రోగ్రాములు అన్నీ అప్పుడు దాని అజమాయిషీలోకి వస్తాయి.

ఈ గొలుసులో ఏ లంకె తెగినా బయటకు కనిపించే ఫలితం ఒక్కటే: తెరపై ఏమీ రాదు. చితుకులు తడిశాయా, బొగ్గు లేదా అన్నది తెలియదు.

ఆల్టో మొదట అట్లాగే మొరాయించింది. ప్రాసెసరు పని చేస్తున్నట్లే ఉన్నది. డిస్కు నుండి మాత్రం సమాచారం రావడం లేదు. అప్పుడు తీగలలో క్షణక్షణం ప్రవహించే సంకేతాలను నమోదు చేసే లాజిక్ ఎనలైజరును తగిలించి, ఏ ఆదేశం తరువాత ఏ ఆదేశం నడుస్తున్నదో ఒక్కొక్కటిగా చూశారు. పాత పటాలను, ప్రోగ్రాముల పాఠాలను పక్కన పెట్టుకొని సరిపోల్చారు. ఒక రోజు యంత్రం నుండి పొగ వచ్చింది. జ్ఞాపకశక్తిలో తప్పులు బయటపడ్డాయి. ఒక చిప్పు చెడిపోయిందని గుర్తించి మార్చిన తరువాత డిస్కు నుండి సమాచారం రావడం మొదలైంది.

ఒక విధంగా పాతదనమే ఇక్కడ మేలు చేసింది. ఆల్టో ప్రాసెసరు నేటివలె ఒకే చిప్పులో లేదు; సులభంగా గుర్తించగల చిన్న చిన్న చిప్పులతో పలకలపై పరచి ఉన్నది. దోషి దొరికితే దానినొక్కదాన్నే తీసి మరొకటి అమర్చవచ్చు. కార్ఖానాలో అరిగిన బేరింగు మార్చినట్లే.

ఆ సంవత్సరంలోనే ఆల్టో తన సొంత ఆపరేటింగ్ సిస్టముతో మేల్కొన్నది. పని అక్కడితో ముగియలేదు. కొన్ని ప్రోగ్రాములు నడుస్తూ నడుస్తూ కూలిపోయేవి, మౌస్ మాట వినేది కాదు. ఆ చిక్కులను కూడా ఒక్కొక్కటిగా విప్పుకొంటూ పోయారు.

మాట ఎక్కడ దాగి ఉన్నది?

ఈ విజయానికి కారణం టంకం వేసిన చేతులు మాత్రమే కాదు. యంత్రాన్ని మూలన పెట్టిన రోజులలో కూడా ఎవరో దాని కాగితాలను పారవేయలేదు. ఎవరో డిస్కులు దాచారు. కంప్యూటర్ హిస్టరీ మ్యూజియం 2014లో ఆల్టో ప్రోగ్రాముల మూలపాఠాన్ని లోకానికి విడుదల చేసింది. ఆ పాఠం లేకపోతే లాజిక్ ఎనలైజరు చూపిన అంకెలు అర్థం లేని గీతలుగానే మిగిలేవి. దొరికిన పాత డిస్కులలో కొన్నింటికి సంకేతపదాల తాళాలున్నాయి; వాటిని ఛేదించే మార్గం కూడా షిరిఫ్ కనుగొనవలసి వచ్చింది.

ఇటువంటి పనికి కాలం గడువు పెడుతుంది. అయస్కాంతపు పూత నానాటికి చెడుతుంది. దాని మర్మం తెలిసిన మనుషులు కూడా శాశ్వతులు కారు. రాన్ క్రేన్ మరుసటి సంవత్సరమే, 2017లో, కన్నుమూశారు. పాత కంప్యూటర్లను నడుస్తున్న స్థితిలో చూపుతూ వచ్చిన సియాటిల్‌లోని లివింగ్ కంప్యూటర్స్ మ్యూజియం 2020లో తలుపులు మూసింది. మళ్లీ తెరవబోమని 2024లో ప్రకటన వెలువడి, వస్తువులు కొన్ని వేలానికి వెళ్లాయి. మ్యూజియంలో చేరినంత మాత్రాన వస్తువుకు అభయం లభించదన్నమాట.

దీనికి విరుద్ధంగా, మరచిన మూల నుండి నిధి దొరకడం కూడా ఉన్నది. 2025లో అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయపు సామానుల గదిలో ఒక పాత టేపు బయటపడింది. బెల్ లేబొరేటరీస్ నుండి వచ్చిన నాలుగవ కూర్పు యునిక్స్ అని దానిపై వ్రాసి ఉన్నది. 1973 నాటి ఆ ఆపరేటింగ్ సిస్టమ్ పూర్తి ప్రతి ఎక్కడా మిగలలేదని అంతవరకు అనుకున్నారు. ఆ ఏడాది చివర టేపును కంప్యూటర్ హిస్టరీ మ్యూజియంలో చదివారు. అందులోని అక్షరాలు తిరిగి దక్కాయి. అర్ధ శతాబ్దం పాటు దానిని కాపాడినది ఏ ఘనమైన ఏర్పాటూ కాదు. ఎవరూ పారవేయకపోవడం, పైన ఒక చీటీ అంటించి ఉండడం.

మన వంతు

మన దేశానికి కూడా ఇటువంటి ఆస్తి ఉన్నది. కలకత్తాలోని భారత గణాంక సంస్థ 1950లలోనే విదేశీ కంప్యూటరును నెలకొల్పింది. బొంబాయిలోని టాటా పరిశోధన సంస్థ సొంతంగా నిర్మించిన టిఫ్రాక్ 1960లో పనిలోకి వచ్చింది. 1967లో హైదరాబాదులో ఈసీఐఎల్ ఆవిర్భవించింది. దానికి సారథి పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో జన్మించిన అయ్యగారి సాంబశివరావు. 1969లో వెలువడిన టీడీసీ-12, ఆ తరువాత వచ్చిన టీడీసీ-316 వంటి యంత్రాలు ఆ సంస్థ పేరు నిలిపాయి. వాటిపై పనిచేసిన తరం ఇప్పుడు వృద్ధాప్యంలో ఉన్నది.

ఆ తరంవారి ఇళ్లలో, కార్యాలయాల బీరువాలలో, కళాశాలల అటకలమీద ఏమున్నదో ఒకసారి చూడవలసిన సమయమిది. ఇనప సామానుల వర్తకుడు యంత్రాన్ని బరువుకు కొంటాడు. కాగితపు టేపును, కార్డుల కట్టను, చేతివ్రాత నోటు పుస్తకాన్ని ఊరికే ఇచ్చినా తీసుకోడు. నిజానికి ముందుగా కాపాడుకోవలసినవి అవే. పాత డిస్కు ఏదైనా దొరికితే దానిని ఏదో ఒక డ్రైవులో పెట్టి తిప్పి చూడరాదు. ధూళి, తేమ తగలని చోట ఉంచి, అది ఏ యంత్రానిదో, ఏ సంవత్సరానిదో, ఎవరు వాడారో చీటీపై వ్రాసి అంటించాలి. తెలిసినవారిని అడిగి వివరాలు వ్రాసుకోవాలి.

ఖరగ్‌పూర్ ఐఐటి 1951లో హిజ్లీ నిర్బంధ శిబిరపు భవనంలో ప్రారంభమైంది. ఒకనాడు దేశభక్తులను బంధించిన ఆ కట్టడాన్ని కూలగొట్టలేదు. నేడు అందులో విజ్ఞాన ప్రదర్శనశాల ఉన్నది. పాతదానిని నిలుపుకోవడం తెలియని ఊరు కాదది. అదే పట్టణంలోని ఇందాలో రైల్వే పనివాడు పదవీ విరమణ చేసే రోజున, తన పనిముట్లతోబాటు ఏ బోల్టు ఎంత బిగించాలో కూడా తరువాతివానికి చెప్పిపోతాడు. పనిముట్టు ఒక్కటే ఇస్తే సగం ఇచ్చినట్లు. యంత్రాన్నీ, దాని మాటనూ కలిపి చేతిలో పెట్టినప్పుడే "ఇందా, తీసుకో" అన్న మాటకు అర్థం పూర్తి అవుతుంది.