గుట్టకు పోతే ఒక రాత్రి ఉండాలె

హైదరాబాద్‌కు 60 కిలోమీటర్లే కాబట్టి యాదగిరిగుట్టను ఎవరూ నింపాదిగా చూడరు. పొద్దున ఉప్పల్‌లో బస్సెక్కడం, దర్శనం, లడ్డూ పులిహోర, సాయంత్రానికి ఇల్లు. పాతకాలం వాళ్లు అట్లా కాదు, గుట్ట మీద నిద్ర చేసి మరీ వచ్చేవాళ్లు. ఒంట్లో బాగాలేనివాళ్లయితే మండలం రోజులు ఇక్కడే ఉండి ప్రదక్షిణలు చేసేవాళ్లు. మొక్కు లేకపోయినా, ఊరు చూడాలనుకునేవాళ్లకు కూడా ఆ నిద్రే మేలు.

ఎందుకంటే గుడి అందం తెల్లవారుజామున తెలుస్తుంది. గుట్టకింద గండిచెరువు పక్కన లక్ష్మీ పుష్కరిణిలో మునిగి, తడిజుట్టుతోనే పైకి వచ్చిన ఆడవాళ్లు ఆళ్వార్ల స్తంభాల నడుమ వరుసలో నిలబడి ఉంటారు. పన్నెండు స్తంభాలకు పన్నెండుగురు ఆళ్వార్లు. దీపం వెలుగు పడ్డచోట నల్లరాయి నూనె రాసినట్టు మెరుస్తుంది. మధ్యాహ్నం అదే రాయి కాలు పెట్టనివ్వదు. ఈ కృష్ణశిలను ప్రకాశం జిల్లా గురిజేపల్లి నుంచి తెచ్చారు. చుట్టూ కనుచూపు మేర బండలే ఉన్న నల్లగొండ నేలకు రాయిని దిగుమతి చేసుకోవడం చిత్రమే! గుడినంతా కొత్తగా కట్టినా స్వామి వెలసిన గుహను మాత్రం కదిలించలేదు. దాదాపు ఆరేళ్లు బాలాలయంలోనే దర్శనాలు జరిగాయి. 2022 మార్చి 28న మహాకుంభ సంప్రోక్షణతో తలుపులు తెరిచారు. మధ్యలో 2019లో స్తంభాల మీద అప్పటి ముఖ్యమంత్రి బొమ్మ, కారు గుర్తు చెక్కారని పెద్ద రచ్చే అయింది. తరువాత వాటిని తీసేశారు.

కార్తీకంలో సత్యనారాయణ వ్రతాల రద్దీకి గుట్ట ఊపిరాడనివ్వదు. నిమ్మళంగా చూడాలంటే మామూలు రోజున రండి, దగ్గర్లోని పాతగుట్ట గుడికి కూడా ఒక పూట ఉంచుకోండి.

మరునాడు భువనగిరి. ఊరి నడుమ ఏకశిల, దాని నెత్తిన కోట. చాళుక్య త్రిభువనమల్ల విక్రమాదిత్యుడి పేరుతో ముడిపడిన కోట ఇది. గ్రీసులో మెటియోరా రాతిశిఖరాల మీది మఠాలను చూడ్డానికి దేశదేశాల జనం పోతారు, మనవాళ్లూ లక్షలు పెట్టి పోతారు. వరంగల్ రైల్లో కిటికీ పక్కన కూర్చుని ఈ బండను మాత్రం చూసీ చూడనట్టు దాటేస్తారు. 2014 మే 25న పదమూడేళ్ల వయసులో ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ రాళ్లెక్కడం నేర్చుకున్నది ఈ బండ మీదే.

ఎండ ముదరకముందే కోట దిగితే మధ్యాహ్నానికి రెండు దారులున్నాయి. ఆలేరు వైపు పోతే కొలనుపాక జైనమందిరం. వెనక్కి పోతే భూదాన్ పోచంపల్లి, 1951లో వెదిరె రామచంద్రారెడ్డి వినోబాకు 100 ఎకరాలిచ్చిన ఊరు. చీర కొనే ఆలోచన ఉంటే పోచంపల్లికే పొండి. షోరూమ్‌ల కంటే ముందు నేతగాళ్ల ఇళ్లలో చిటికి కట్టడం చూడండి. నూలుకు ముడులు వేసి రంగులో ముంచే ఆ పని చూశాక బేరమాడడానికి నోరు రాదు.