పసుపు తిన్న ఎలుకలు, మన కంటి పొర

మా వెంకటమ్మనహళ్లిలో కంటి పొర తెలియని ఇల్లు లేదు. ఆసుపత్రి చీటీలో శుక్లం అని రాస్తారు, కన్నడం వాళ్ళు పొరె అంటారు, ఏమన్నా జబ్బు ఒకటే. దానికి మందు చెప్పేవాళ్ళూ ఊరినిండా ఉన్నారు. ఈ మధ్య ఆ మందుల్లో పసుపు పేరు ఎక్కువగా వినబడతా ఉంది. "హైదరాబాదులో సైంటిస్టులు ఎలుకల మీద చూసినారంట, పసుపుతో పొర పోతుందంట" అని. ఈ మాటలో కొంచెం నిజముంది. ఆ నిజం ఎంతవరకో తెలుసుకోకపోతే ఉన్న చూపు పోగొట్టుకుంటాం.

పరిశోధన జరిగిన మాట నిజమే. హైదరాబాదు తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో నీలగిరి కొండల్లో కూనూరులో ఒక్క గదిలో మొదలై, 1958లో హైదరాబాదు చేరిన సంస్థ. మనం తినే రాగుల్లో, పప్పుల్లో ఏ సత్తువ ఎంత ఉందో లెక్కగట్టి పుస్తకం వేసింది వీళ్ళే. అక్కడ డాక్టర్ జి. భానుప్రకాశ్ రెడ్డి గారు, తోటివాళ్ళు కలిసి పసుపునీ, పసుపుకు ఆ పచ్చదనం ఇచ్చే కుర్కుమిన్ అనే పదార్థాన్నీ ఎలుకలకు పెట్టి చూసినారు.

ముందు పొర అంటే ఏమిటో చెప్పుకోవాల. నల్లగుడ్డు వెనక పప్పుబద్ద ఆకారంలో చిన్న అద్దం లాంటిది ఉంటుంది. దానికి రక్తనాళాలు లేవు. దాని నడిమధ్య ఉండే మాంసకృత్తులు మనం పుట్టకముందు తయారైనవే, చెడిపోతే కొత్తవి రావు. వయసు, ఎండ, బీడీ పొగ, చక్కెర జబ్బు, ఇవన్నీ వాటిని మెల్లగా చెడగొడతాయి. కోడిగుడ్డు తెల్లసొన పచ్చిగా ఉన్నప్పుడు అవతల వైపు కనబడుతుంది, ఉడికితే తెల్లగా గట్టిపడుతుంది. పొర కూడా అట్లాంటిదే.

ఈ చెడిపోవడంలో ఆక్సిజన్ పాత్ర ఉంది, ఇనుముకు తుప్పు పట్టినట్టు. ఆ తుప్పును అడ్డుకునే వాటికే యాంటీఆక్సిడెంట్లు అని పేరు. పసుపు వాటిలో ఒకటి. మిల్లులో పని చేసినవాళ్ళకు ఇది చెప్పక్కరలేదు. పళ్ళచక్రానికి నూనె రాస్తా ఉంటే తుప్పు ఆలస్యంగా పడుతుంది. తుప్పు తినేసిన చక్రానికి డబ్బాడు నూనె పోసినా పళ్ళు మళ్ళీ మొలుస్తాయా?

ఎలుకలనే ఎందుకు పెట్టుకున్నారంటే, మనిషికి పొర రావడానికి యాభై అరవై ఏండ్లు పడుతుంది, ఎలుకకు చక్కెర ఎక్కిస్తే కొన్ని వారాల్లోనే వస్తుంది. 2003లో అచ్చయిన పరిశోధనలో ఎలుకల మేతలో 30 శాతం గాలాక్టోస్ అనే చక్కెర కలిపినారు. కొన్నిటికి కిలో మేతకు 20 మిల్లీగ్రాముల కుర్కుమిన్ పెట్టినారు, వాటికి పొర ఆలస్యంగా వచ్చింది. ఇంకొన్నిటికి 100 మిల్లీగ్రాములు పెట్టినారు. వాటికి మేలు జరగకపోగా పొర ఇంకా తొందరగా ముదిరింది! పసుపు గొప్ప చెప్పేవాళ్ళెవరూ ఈ రెండో సంగతి చెప్పరు. చిటికెడు మంచిదైతే గుప్పెడు ఇంకా మంచిదనుకునే మనవాళ్ళకు ముందు చెప్పాల్సింది ఇదే.

2005లో ఇంకొకటి వచ్చింది. ఈసారి ఎలుకలకు సూదిమందుతో చక్కెర జబ్బు తెప్పించినారు. కొన్నిటికి కుర్కుమిన్, కొన్నిటికి కిలో మేతకు 5 గ్రాముల వంటపసుపు. 8 వారాలు చూసినారు. పొర ముదరడం ఆలస్యమైంది. విడిగా తీసిన కుర్కుమిన్ కన్నా మామూలు పసుపే బాగా పనిచేసింది. కానీ రక్తంలో చక్కెర మాత్రం తగ్గలేదు. ఎనిమిది వారాలయినాక ఆ ఎలుకలను చంపి కళ్ళు పరీక్ష చేసినారు. చేనులో శనగకాయలు తినే ఎలుకలను మనం తిడతాం గానీ, వీటికి మాత్రం మనం బాకీ ఉన్నాం.

ఇక్కడ పట్టుకోవాల్సిన మాట "ఆలస్యం". ఆ ఎలుకలకు వచ్చిన పొర కరిగిపోలేదు. రాబోయే పొర కొన్నాళ్ళు వెనక్కి జరిగింది, అంతే. అది కూడా మేతలో తింటే. కంట్లో వేసి కాదు.

మనుషుల మీద ఏమైంది? మధురై అరవింద్ కంటి ఆసుపత్రి వాళ్ళు చుట్టుపక్కల పల్లెల్లో 35 నుంచి 50 ఏండ్ల వయసున్న 798 మందిని తీసుకుని 5 ఏండ్లు చూసినారు. సగం మందికి ఎ, సి, ఇ విటమిన్ల మాత్రలు, సగం మందికి మందు లేని ఉత్త మాత్రలు. 2006లో అచ్చయింది ఫలితం: రెండు గుంపులకూ తేడా లేదు. అంతకుముందు 2001లో అమెరికాలో నాలుగు వేల మందికి పైగా చూసినప్పుడూ అంతే. అవి విటమిన్లే, పసుపు కాదు, నిజమే. కానీ ఎలుకకు పనిచేసేదంతా మనిషికి పనిచేస్తుందని నమ్మి డబ్బు పోసేవాళ్ళు ఈ లెక్క చూడాల. కంటి పొరకు అని డబ్బాల్లో అమ్మే మాత్రలు నేనైతే కొనను.

మా వీధిలో ఒక పెద్దమ్మ పసుపు నీళ్ళు, తేనె కలిపి కంట్లో వేసుకుంటా ఉండె. "మంటగా లేదా పెద్దమ్మా?" అంటే "మంట పుడితేనే కదా నాయనా పొర కరిగేది" అనింది. మంట పుట్టేది కంటికి. దాంతో పైన పుండు పడితే ఆ మచ్చ పువ్వై నిలుస్తుంది, అప్పుడు పొర ఆపరేషన్ చేసినా చూపు సరిగా రాదు.

ఇంకొక పాత మాట, "పొర పండనీ, అప్పుడు తీయించుదాం" అని. వెనకటి ఆపరేషన్లకు అది సరిపోయింది. ఇప్పుడు పండాల్సిన పని లేదు. చెడిన అద్దాన్ని తీసి ప్లాస్టిక్ అద్దం పెడతారు, పని జరుగుబాటుకు చూపు అడ్డమైతే చాలు, చేయించుకోవచ్చు. మరీ పండనిస్తే అది ఉబ్బి కంట్లో ఒత్తిడి పెరుగుతుంది. కన్ను ఎర్రబడి, తలనొప్పి, వాంతులు వస్తే తెల్లారేదాకా ఆగకూడదు. ఆ ఒత్తిడికి నరం చస్తే ఏ ఆపరేషనూ చూపు తేలేదు.

పసుపు రోజూ పప్పులో, పులుసులో వేసుకునేదే, అది మానొద్దు, ఎక్కువా చేయొద్దు. చక్కెర జబ్బు ఉన్నవాళ్ళు దాన్ని అదుపులో పెట్టుకుని ఏడాదికొకసారి కన్ను చూపించుకోవాల. చూపు మసకకు పొర ఒక్కటే కారణం కాదు, కంటి వెనక పొర చెడినా మసకే. మా పక్క వాళ్ళకు దూరం కూడా లేదు. పావగడలో రామకృష్ణ సేవాశ్రమం వాళ్ళు పేదలకు కంటి ఆపరేషన్లు ఉచితంగా చేస్తూ వస్తున్నారు. పోయేటప్పుడు చక్కెర, బీపీ చీటీలు, వాడే మాత్రలు తీసుకుని పోండి. కంట్లో ఇంతకుముందు ఏమేం వేసుకున్నారో డాక్టరుకు దాచకుండా చెప్పండి, తిడితే తిట్టనీ.