తడి చెత్త, ఎండుటాకులు, కాలనీ సంఘం: నగర సుస్థిరతలో విస్తరణ పాత్ర

హైదరాబాదు నగర చరిత్ర చెరువులతో పెనవేసుకున్నది. 1908 నాటి మూసీ వరదల అనంతరం నిర్మితమైన ఉస్మాన్‌సాగర్ (1920), హిమాయత్‌సాగర్ (1927) జలాశయాలు వరద నియంత్రణతో పాటు నగరానికి తాగునీటిని కూడా అందించాయి. నేడు నగరంలోని అనేక చెరువులు మురుగునీటితో, గుర్రపుడెక్కతో నిండి ఉన్నాయి. వీటి పరిరక్షణకు 'సేవ్ అవర్ అర్బన్ లేక్స్' వంటి పౌర బృందాలు కృషి చేస్తున్నాయి. నెక్నాంపూర్ చెరువులో 'ధ్రువాంశ్' అనే సంస్థ నీటిపై తేలే తెప్పల మీద వట్టివేరు, మెట్టతామర వంటి మొక్కలను పెంచింది. వీటి వేర్లు, వేర్లను ఆశ్రయించిన సూక్ష్మజీవులు నీటిలోని నత్రజని, భాస్వరాలను గ్రహిస్తాయి.

అయితే చెరువులో చేరిన కాలుష్యాన్ని తొలగించటం కంటే, చేరకుండా చూడటం సులభం. జవహర్‌నగర్ చెత్త కుప్పల నుండి ఊరిన కలుషిత ద్రవం సమీపంలోని మల్కారం చెరువును పాడుచేసిన విషయం విదితమే. ఇటువంటి ద్రవానికి ప్రధాన మూలం కలగలిసిన చెత్తలో కుళ్లే తడి పదార్థమే. కనుక చెరువు రక్షణ వంటింటి నుండే మొదలు కావలసి ఉన్నది. ఇక్కడే వ్యవసాయ విస్తరణకు స్థానం కలదు.

సంఘం ఎందుకు అవసరం?

గృహస్థులు విడివిడిగా చిన్న డబ్బాలలో కంపోస్టు తయారుచేయటం అభినందనీయమే. కాని చిన్న డబ్బాలో వేడి నిలవదు. రోగకారక క్రిములు, కలుపు విత్తనాలు నశించటానికి అవసరమైన 55–60 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత కొన్ని రోజుల పాటు నిలవాలంటే కుప్ప సుమారు ఒక ఘనమీటరు పరిమాణంలో ఉండాలి. నలుగురు సభ్యులున్న ఇంటి నుండి రోజుకు వెలువడే తడి చెత్త ఒక కిలోకు అటూ ఇటూగా ఉంటుంది. ఇరవై అయిదు ఇళ్ల వారం రోజుల తడి చెత్తకు, పరిమాణంలో దానికి రెట్టింపు ఎండుటాకులు చేర్చితే ఇంచుమించు ఒక ఘనమీటరు కుప్ప తయారవుతుంది. ఒక ఇల్లు సాధించలేని ఈ పనిని ఒక వీధి తేలికగా సాధించగలదు. కాలనీ సంఘం బలం కేవలం సామాజికమైనది కాదు, శాస్త్రీయమైనది కూడా.

ఎండుటాకు వ్యర్థం కాదు

కూరగాయల వ్యర్థాలలో కర్బన-నత్రజని నిష్పత్తి సుమారు 15–20:1 మాత్రమే. కంపోస్టు ప్రక్రియ చక్కగా సాగటానికి ఈ నిష్పత్తి 25–30:1, తేమ 50–60 శాతం ఉండాలి. ఈ కొరతను తీర్చే ఎండుటాకులను మాత్రం శిశిరంలో వీధి చివర పోగుచేసి తగులబెడుతున్నారు. ఒక పక్క పొగ, మరొక పక్క దుర్వాసన: ఈ రెండు సమస్యలకు పరిష్కారం ఆ రెంటినీ ఒకే కుప్పలో పొరలుగా పేర్చటమే. ఆకు రాలే కాలంలోనే వాటిని గోనె సంచులలో నిలువచేసుకొంటే వర్షాకాలంలో కొరత రాదు.

కాలనీ కంపోస్టు కేంద్రాలు తరచుగా మూతపడేది దుర్వాసన, ఈగల వల్లనే. పక్కింటివారి ఫిర్యాదుతో ఉత్సాహం చల్లారుతుంది. వాసనకు సాధారణ కారణాలు అధిక తేమ, గాలి ఆడకపోవటం. ఎండుటాకులు చేర్చి, వారానికి ఒకసారి తిరగవేస్తే సమస్య చాలావరకు తొలగుతుంది. ఈ సలహా సకాలంలో అందించే వ్యక్తి లేకపోవటమే అసలు లోటు.

విస్తరణ శాస్త్రవేత్తలు చేయదగినవి

2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు తడి, పొడి, గృహ ప్రమాదకర వ్యర్థాలను ఇంటి వద్దనే వేరుచేయాలని నిర్దేశించాయి. ఈ విభజన ఎరువు నాణ్యతకు ప్రాణం. బ్యాటరీలు, రంగుల డబ్బాలు కలిస్తే సీసం, కాడ్మియం ఎరువులోనికి, దాని ద్వారా నేలలోనికి చేరుతాయి. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం కిలో నగర కంపోస్టులో సీసం 100, కాడ్మియం 5 మిల్లీగ్రాములకు మించరాదు. కాలనీలలో తయారైన ఎరువు నమూనాలను విశ్వవిద్యాలయ ప్రయోగశాలలు పరీక్షించి ఫలితాలను సంఘాలకు తెలిపితే, మిద్దె తోటల పెంపకందారులకు, నగర శివారు కూరగాయల రైతులకు నమ్మకం కలుగుతుంది.

పక్వతను సంఘ సభ్యులే పరీక్షించుకొనవచ్చును. ఎరువును నీటిలో నానబెట్టి వడకట్టిన ద్రవంలో పెసలను, మంచినీటిలో మరికొన్ని పెసలను మొలకెత్తించి పోల్చాలి. మొదటివి వెనుకబడితే ఎరువు ఇంకా మాగలేదని అర్థం. అపక్వమైన ఎరువు నేలలోని నత్రజనిని సూక్ష్మజీవుల పాలు చేసి మొక్కలను పాలిపోజేస్తుంది.

పల్లెలో ఫలిత ప్రదర్శనకు ఒక రైతు పొలాన్ని ఎంచుకొన్నట్లే, నగరంలో ఒక వీధిని ఎంచుకొనవచ్చును. గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమంలో విద్యార్థులు రైతుల మధ్య నేర్చిన పద్ధతులే ఇక్కడా వర్తిస్తాయి: ముందుగా వినటం, చేసి చూపటం, మళ్లీ వెళ్లి చూడటం. ఇందులో మూడవదే ముఖ్యం. మొదటి కుప్ప పేర్చిన నాడు అందరూ ఉంటారు. వాసన వచ్చిన మూడవ వారంలో విస్తరణ కార్యకర్త అక్కడ ఉంటేనే ఆ కేంద్రం నిలుస్తుంది.