18 గంటల పాటు 8 గంటలు

తెలుగులో గంటకు రెండు అర్థాలు. ఈ కథకు రెండూ కావాలి. 1963 జులై 27న ఇంగ్లండులోని లాఫ్‌బరో ఊళ్లో, గంటలు పోతపోసే కార్ఖానా గోపురంలో ఎనిమిది మంది తలా ఒక తాడు పట్టుకున్నారు. మర్నాటి దాకా వదల్లేదు. దాదాపు 18 గంటల పాటు 8 గంటలను 40,320 వరుసల్లో మోగించారు. ఒక వరుస వచ్చాక మళ్లీ రాలేదు. ఎవరి ముందూ కాగితం లేదు. మధ్యలో మనిషి మారలేదు. అందులో పాట లేదు, రాగం లేదు. ఉన్నదల్లా లెక్క.

ధరణికోటలో ఉండేవాడికి ఈ గొడవ ఎందుకంటారా? మాకు పక్కనే అమరావతి. అమరేశ్వరుడి గుళ్లో గంట కొట్టే తీరు చూస్తూ పెరిగినవాళ్లం. వచ్చినవాళ్లు వచ్చినట్టు కొడతారు, చంకలో పిల్లాడుంటే వాడిచేతా కొట్టిస్తారు. గంట ఉన్నచోటే ఉంటుంది, కదిలేది దాని నాలుకే. అందుకే ఎప్పుడు కావాలంటే అప్పుడు, ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు మోగుతుంది. వాళ్ల గంట అలా కాదు. అక్కడ గంటే తిరుగుతుంది.

మొదట్లో ఆ గంట కూడా ఒక దూలానికి వేలాడుతూ అటూ ఇటూ ఊగేదే. తాడు లాగడానికి పక్కన సగం చక్రం ఉండేది. పదిహేడో శతాబ్దం వచ్చేసరికి అది నిండు చక్రమైంది. చిన్న మార్పే కానీ యంత్రం స్వభావమే మారిపోయింది. ఇప్పుడు గంటను బోర్లా ఉన్న స్థితి నుంచి పైకి తిప్పి, మూతి ఆకాశంవైపు పెట్టి నిలపొచ్చు. తాడు ఒకసారి లాగితే గంట కిందికి దొర్లి, పూర్తి చుట్టు తిరిగి, ఒక్కసారి మోగి, మళ్లీ మూతి పైకెత్తి నిలబడుతుంది. ఇంకోసారి లాగితే ఎదురు దిక్కుగా అదే చుట్టు.

పైన నిలబడ్డ ఆ క్షణంలోనే కిటుకంతా ఉంది. అక్కడ గంటను రవ్వంతసేపు ఎక్కువ ఆపితే దెబ్బ ఆలస్యమవుతుంది, కాస్త ముందే లాగితే తొందరగా పడుతుంది. ఆ ‘కాస్త’కు హద్దుంది. టన్ను బరువున్న కంచును ఎవరు తొందరపెట్టగలరు? అందుకని ఈ వరుసలో మూడోదిగా మోగిన గంట వచ్చే వరుసలో రెండోదిగానో, మూడోదిగానో, నాలుగోదిగానో మోగాలి. ఒక్క చోటు కన్నా ఎక్కువ జరగలేదు. ఈ నియమాన్ని పండితుడెవడూ పెట్టలేదు. బరువు పెట్టింది.

వరుసలు మార్చి లెక్కపెట్టడం మనకు కొత్త కాదు. భాస్కరాచార్యుడు 1150లో లీలావతిలో ఒక లెక్క వేశాడు: శంభుడి పది చేతుల్లోని పది ఆయుధాలను చేతులు మార్చి పెడితే ఎన్ని రూపాలు? జవాబు 36,28,800. విష్ణువు నాలుగు చేతులకైతే 24. పదమూడో శతాబ్దంలో దేవగిరి యాదవుల కొలువులో ఉన్న శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరంలో ఏడు స్వరాలను ప్రస్తారం వేసి 5,040 వరుసలని తేల్చాడు. ఎన్నో వరుస ఎలా ఉంటుందో, ఫలానా వరుస ఎన్నోదో చెప్పే పట్టిక కూడా ఇచ్చాడు. కానీ గొంతుకు బరువు లేదు. స గాయకుడి నోట మొదటి చోటి నుంచి ఏడో చోటికి గెంతగలదు. ప్రస్తారంలో అలాంటి గెంతులు అడుగడుగునా ఉంటాయి. గెంతకూడదు, పక్కవాడితో మాత్రమే చోటు మార్చుకోవాలి, అయినా ఒక్క వరుసా తప్పిపోకూడదు: ఈ చిక్కు మనవాళ్లకు ఎదురుకాలేదు. ఎదురైతే విప్పేవాళ్లనే నా నమ్మకం.

చిక్కు ఇంగ్లండులో తాళ్లు లాగేవాళ్ల నెత్తిన పడింది. వాళ్లు గణితవేత్తలు కారు. ఫేబియన్ స్టెడ్మన్ అచ్చు పని చేసేవాడు. 1668లో ‘టింటినలోజియా’, 1677లో అతనే రాసిన ‘కాంపనలోజియా’ పుస్తకాలు ఈ విద్యకు దారి వేశాయి. గణితవేత్త లగ్రాంజ్ 1770 ప్రాంతంలో ప్రస్తారాల మీద గణితశాస్త్రం మొదలుపెట్టడానికి వందేళ్ల ముందు మాట ఇది. ఇవాళ కంప్యూటరు పాఠాల్లో పక్క పక్క అంకెలను మాత్రమే మారుస్తూ అన్ని వరుసలూ రాబట్టే పద్ధతికి ముగ్గురు ఇరవయ్యో శతాబ్దపు గణితజ్ఞుల పేర్లు పెట్టారు. గంటలవాళ్లకు అది అప్పటికే చేతికొచ్చిన పని. 1715 మే 2న నార్విచ్ చర్చిలో ఏడు గంటల 5,040 వరుసలూ మూడు గంటలకు పైగా నిలబడి మోగించారు. అదే శార్ఙ్గదేవుడి సంఖ్య.

నాలుగు గంటలతో చూస్తే సంగతి తేలిగ్గా పట్టుబడుతుంది. చిన్న గంట 1, పెద్దది 4. మొదట 1234. రెండు జంటలూ చోట్లు మార్చుకుంటే 2143. ఇప్పుడు మధ్య జంట మాత్రమే: 2413. మళ్లీ అటు జంట, ఇటు జంట: 4231. ఇలాగే 4321, 3412, 3142, 1324, చివరికి మళ్లీ 1234. ఒకటో అంకె మీద వేలు పెట్టి కిందికి రండి. ఒక్కో చోటు కుడికి జరిగి, కొసన రెండు దెబ్బలు నిలిచి, వెనక్కి వస్తుంది. నాలుగు అంకెల దారులూ గీస్తే కాగితం మీద జడ అల్లినట్టుంటుంది. జడ కోలాటం చూసినవాళ్లకు ఇంకేం చెప్పాలి! ఎదురొచ్చినవాణ్ని దాటు, తర్వాతివాణ్ని దాటు. ఆటగాడు తన దారి చూసుకుంటాడు, అల్లిక దానంతట అదే వస్తుంది.

ఇవి ఎనిమిది వరుసలే. 1324 దగ్గర మొదటి రెండు గంటలూ కదలకుండా చివరి జంట మాత్రం మారితే 1342 వస్తుంది. అక్కడి నుంచి మళ్లీ అదే అల్లిక. ఇలా మూడు చుట్లు తిరిగితే 24 వరుసలూ పూర్తయి మొదటికొస్తాం. విష్ణువు చేతుల లెక్క.

ఇది ఇంట్లో చేసి చూడాలనిపించింది. పూజ గదిలో ఒక గంట ఉంది. అమరావతిలో గుడి దగ్గరి కొట్లో ఇంకో మూడు, శ్రుతి తేడాగా ఉన్నవి ఏరి కొన్నాం. నేను, మా ఆవిడ, పిల్లలిద్దరూ. మొదటి సాయంత్రం నాలుగో వరుస దాటలేదు. అంకెలు బట్టీపట్టడమే మా తప్పు. అవధానంలో ఘంటాగణనం ఉంటుంది కదా, పృచ్ఛకుడు తోచినప్పుడల్లా గంట కొడితే అవధాని పద్యాల మధ్య అన్నీ లెక్కపెట్టి చివర్లో చెబుతాడు. ఇక్కడ ఆ విద్య పనికిరాదు. లెక్క మరిచిపోయి, ఎవరి వెనక మోగాలో చూసుకోవాలి. అది అర్థమయ్యాక రెండో తప్పు బయటపడింది. మావాడు చేతిలోని గంటను గుర్తురాగానే ఆడించేస్తున్నాడు. ఆపేదేదీ లేదు. తేలిగ్గా ఉండటమే చేతి గంట లోపం.

ఇళ్లలో చిన్న గంటలు పెట్టుకునే ఇంగ్లండువాళ్లకూ ఇదే సమస్య. చర్చి గోపురాల్లో చలి, ఇరుగుపొరుగుకు చప్పుడు, అందుకని కారు షెడ్డుల్లో, అటకల మీద చిన్న గంటలను చక్రాలతో సహా బిగించుకుంటారు. తాళ్లు కప్పు గుండా కింది గదిలోకి దిగుతాయి. కానీ పెద్ద యంత్రాన్ని చిన్నది చేస్తే చిన్న యంత్రం రాదు, వేరే యంత్రం వస్తుంది. గంటను అన్ని కొలతల్లో పదో వంతు చేయండి. టన్ను కాస్తా కిలో అవుతుంది, శ్రుతి పది రెట్లు పైకి పోతుంది. ఊపు వేరేలా మారుతుంది. మీటరు పొడవున్న లోలకం పోయి రావడానికి 2 సెకన్లు పడితే, పది సెంటీమీటర్లదానికి 0.63 సెకను. గంట చేతికి దొరక్కుండా గిరగిరా తిరుగుతుంది.

మందు ఏమిటంటే, పోయిన మొండితనాన్ని తిరిగి తేవడం. ఇరుసును గంట గరిమనాభికి దగ్గరగా జరిపితే భూమి లాగుడుకు పట్టు తగ్గుతుంది. చక్రం అంచున బరువు ముక్కలు బిగిస్తే జడత్వం పెరుగుతుంది. (కోలాటంలో జడ వేరు, ఇది వేరు.) రెండూ కలిసి చిన్న గంటను పెద్దమనిషిలా నడిపిస్తాయి. మూడున్నర శతాబ్దాల కిందట చేతగాక ఒప్పుకున్న బరువును ఇప్పుడు కోరి తగిలిస్తున్నారు. నాకు ఈ యంత్రం కథలో బాగా నచ్చింది ఇదే. 2020లో గోపురాలు మూతపడ్డప్పుడు ఇంటర్నెట్టులో గంటలు మోగించే ఏర్పాటొకటి వచ్చింది. అక్కడ బరువు ఆఖరికి మీట నొక్కే వేలిదే. అయినా నియమం మారలేదు, ఒక్క చోటే జరగాలి.

అసలు గంటలు చూడాలంటే ఇంగ్లండు దాకా పోనక్కర్లేదు. పుణెలోని హోలీ నేమ్ చర్చి గోపురంలో నిండు చక్రాలమీద తిరిగేలా బిగించిన 8 గంటలున్నాయి. లాఫ్‌బరోలోని టేలర్ కార్ఖానాలో పోసి, 1893లో తెచ్చి పెట్టారు.

మా ఇంట్లో గంటల పిడికి తలా ఒక అరకిలో తూకం రాయి కట్టాం. మావాడి తొందర తగ్గింది. 16 వరుసల దాకా వచ్చాం.