యోగ బోధకులకు ప్రాణవిద్య

ఆసనమందలి దోషము కంటికి కనబడును. మోకాలు వంగినచో బోధకుడు చెప్పి సరిచేయగలడు. ప్రాణము అట్టిది కాదు. అందుచేతనే బోధకుల శిక్షణలో కొందరు ఈ భాగమును దాటవేయుదురు. మరికొందరు వినువారు నివ్వెరపోవునట్లు వర్ణింతురు.

తెలుగునాట ఈ విద్య క్రొత్తది కాదు. 15వ శతాబ్దిలో గౌరన నాథసిద్ధుల కథలను నవనాథ చరిత్రముగా ద్విపదలో రచించెను. ఓరుగల్లు ప్రాంతమువాడగు పరశురామపంతుల లింగమూర్తి సీతారామాంజనేయ సంవాదమున యోగరహస్యములను హనుమంతునకు ఉపదేశముగా కూర్చెను. ఇడ, పింగళ, సుషుమ్న అను పేర్లు తత్త్వములు పాడుకొనువారికి చిరపరిచితములే.

అయితే నాడులు నరములు కావు. హఠయోగ ప్రదీపిక చెప్పిన 72,000 నాడులను శరీరమును కోసి లెక్కింపజాలము. అవి మనస్సును నిలుపుకొనుటకు సాధకులు గీచుకొన్న పటమని నా తలంపు. బోధకుడు దానిని పటముగనే చూపవలెను.

ఇక మన భాషయే తెచ్చిపెట్టిన చిక్కు ఒకటి కలదు. ఆక్సిజన్‌ను మనము ప్రాణవాయువు అంటిమి. దానితో, ఎంత వేగముగా ఊపిరి తీసిన అంత ప్రాణము లోనికి వచ్చునని పలువురు నమ్మిరి. ఆరోగ్యవంతుని ధమనుల రక్తము మామూలు శ్వాసతోనే నూటికి 95 పాళ్లకు తక్కువ గాకుండ ఆ వాయువుతో నిండియుండును. కొలిమితిత్తివలె భస్త్రిక సాగించినచో విశేషముగా జరుగునది బొగ్గుపులుసు వాయువు బయటికి పోవుట. అది మితిమీరి తగ్గినప్పుడు మెదడునకు రక్తప్రసారము తగ్గి తల తిరుగును. వ్రేళ్లు, పెదవులు తిమ్మిరెక్కును. ఈ తిమ్మిరినే కుండలిని మేల్కొనుటగా భ్రమించి, ఇంకను కొనసాగింపుమని ప్రోత్సహించు బోధకులు లేకపోలేదు. అప్పుడు చేయవలసినది ఆపి కూర్చుండబెట్టుటయే.

ఖమ్మము, భద్రాచలముల అటవీ సరిహద్దున ఉన్న ములకలపల్లి వంటి చోట ఈ జాగ్రత్త రెట్టింపు కావలెను. గిరిజనులలో కొందరికి సికిల్ సెల్ రక్తహీనత వంశపారంపర్యముగా వచ్చును. ప్రాణవాయువు తగ్గినపుడు వారి ఎర్ర రక్తకణములు కొడవలివలె వంగి సన్నని నాళములకు అడ్డుపడును. అట్టివారిచేత వైద్యుని అనుమతి లేక దీర్ఘ కుంభకము చేయింపరాదు. గర్భిణులకును, రక్తపోటు, హృద్రోగము కలవారికిని కుంభకము, భస్త్రిక తగవు. కనుక పాఠమునకు పూర్వమే, పదిమందిలో కాక ప్రక్కకు పిలిచి, అడిగి తెలిసికొనవలెను. సింహమును, ఏనుగును, పులిని వలె ప్రాణమును మెల్లమెల్లగా మచ్చిక చేయవలెనని, లేనిచో అది సాధకునే చంపునని ప్రదీపికాకారుడు హెచ్చరించెను. అడవి ప్రక్కవారికి ఈ పోలిక విడమరచి చెప్పనక్కరలేదు.

మరి బోధకునకు మొదట నేర్పవలసినదేమి? మణికట్టున నాడి పట్టుకొని ఊపిరి పీల్చుమనుడు. పీల్చునపుడు నాడి కొంత త్వరపడును, విడుచునపుడు నెమ్మదించును. నిమిషమునకు ఆరు శ్వాసల వరకు, బిగబట్టక, సుఖముగా తగ్గించినచో ఈ తేడా మరింత స్పష్టమగును. కొన్ని వారములు దీనినే గమనించిన పిదప, ఇడాపింగళల మాట ఎత్తవచ్చును.