సామాను సర్దడమూ ఇంజినీరింగే!

వీకెండ్ వస్తే చాలు, బండెక్కి కొండల్లోకి వెళ్లిపోతున్నారా? టెంటు, స్టవ్, స్లీపింగ్ బ్యాగ్ అన్నీ కొన్నారు. బాగుంది. మరి అర్ధరాత్రి చీకట్లో, మంచు కురుస్తుంటే వాటిలో కావాల్సింది నిమిషంలో చేతికి దొరుకుతుందా? దొరకదనిపిస్తే ఇది మీ కోసమే.

రెండేళ్ల కిందటి డిసెంబరు. విశాఖ నుంచి బయల్దేరి, పాడేరు దాటి, వంజంగి దగ్గర మట్టిరోడ్డు పక్కన బండి ఆపాం. తెల్లారేసరికి కొండ మీంచి మేఘాలు చూడాలని మా ఉబలాటం. రాత్రి పదకొండవుతోంది. నలుగురం, ఒక జిమ్నీ, తొమ్మిది బ్యాగులు. మాలో ఒకడు టార్చి నోట్లో పెట్టుకుని ఉల్లిపాయలు కోస్తూ వేలు కోసుకున్నాడు. గాటు లోతుగా పడింది, రక్తం ఆగట్లేదు. ‘ఫస్ట్ ఎయిడ్ కిట్ ఎక్కడ్రా?’ అంటే ముగ్గురం మూడు బ్యాగులు చూపించాం. మూడింట్లోనూ లేదు. ఒక్కో బ్యాగూ లాగి, జిప్పు తీసి, గడ్డి మీద కుమ్మరించాం. చివరికి చెప్పులు పెట్టిన కవర్లో దొరికింది. అప్పటికి పాతిక నిమిషాలైంది. మావాడు చేతికి తువ్వాలు చుట్టుకుని టైరుకి ఆనుకుని కూర్చున్నాడు. మొహం పాలిపోయింది.

కట్టు కట్టాక చూస్తే ఇంకో కష్టం. గడ్డి మీద పడేసిన స్లీపింగ్ బ్యాగులు మంచుకి తడిసి ముద్దయ్యాయి. ఆ రాత్రంతా బండిలో ఒకరినొకరు ఆనుకుని వణుకుతూ కూర్చున్నాం. పొద్దున్నే మేఘాల సంగతి వదిలేసి పాడేరు వెళ్లి నాలుగు కుట్లు వేయించాం.

నిజానికి ఆ రోజు మా దగ్గర అన్ని వస్తువులూ ఉన్నాయి. ఏది ఎక్కడుందో మాత్రం ఒక్కరికీ తెలియదు. ఇంటికొచ్చాక నేను కొన్నవి రెండే... ప్లాస్టిక్ డబ్బాలు, ఒక మార్కర్ పెన్ను.

బ్యాగు కన్నా డబ్బా ఎందుకు మేలు?

ఇళ్లల్లో బట్టలు, బొమ్మలు దాచే మూతల డబ్బాలు మీకు తెలిసినవే. ఆఫ్‌రోడ్ ప్రయాణాలకి అవి బాగా నప్పుతాయి. మట్టిరోడ్డు మీద దుమ్ము ప్రతి జిప్పులోంచీ లోపలికి దూరుతుంది. డబ్బాకి గట్టి మూత ఉంటే ఆ బాధ చాలావరకు తగ్గుతుంది. గోడలు గట్టివి కాబట్టి స్టవ్వు మీద టెంటు, టెంటు మీద బియ్యం పడి నలగవు. ఒకదానిమీద ఒకటి పేర్చొచ్చు. తడినేల మీద దించినా లోపలిది పొడిగానే ఉంటుంది. అన్నింటికన్నా పెద్ద లాభం... ట్రిప్పు ట్రిప్పుకీ మళ్లీ సర్దక్కర్లేదు. ఇంట్లో అటక మీదో మంచం కిందో అలాగే ఉంటుంది. శుక్రవారం సాయంత్రం ఎత్తి బండిలో పెట్టుకోవడమే.

ముందు టేపు, తర్వాత షాపు

అందరూ చేసే తప్పే నేనూ చేశా. షాపులో పెద్ద డబ్బా కనిపిస్తే కొనేశా. తీరా అది డిక్కీలో పట్టలేదు. జిమ్నీ డిక్కీ వెనక సీట్లు నిలబెట్టి ఉంటే 208 లీటర్లు, మడిస్తే 332 లీటర్లు. కానీ ఆ లెక్క చూసుకుని డబ్బాలు కొంటే దెబ్బతింటారు. లోపల చక్రాల మీద ఉబ్బు ఉంటుంది, తలుపు లోపలికి వంగి ఉంటుంది. అందుకే డిక్కీ అడుగు భాగం పొడవు, వెడల్పు, సీటు అంచు దాకా ఎత్తు... ఈ మూడూ టేపుతో కొలవండి. ఆ కొలతలకి పాత అట్టపెట్టెలు కోసి, డబ్బాల్లా పేర్చి చూడండి. పైసా ఖర్చు లేదు. తలుపు మూసుకుంటోందో లేదో అప్పుడే తేలిపోతుంది.

ఇంకో సంగతి. చాలా డబ్బాలు పైన వెడల్పుగా, అడుగున సన్నగా ఉంటాయి. రెండు పక్కపక్కన పెడితే కింద ఖాళీ మిగులుతుంది. నిటారు గోడలున్నవి దొరికితే అవే తీసుకోండి. మరీ పెద్దవాటి జోలికి పోకండి. అరవై లీటర్ల డబ్బాలో గిన్నెలు, సరుకులు నింపితే ఇద్దరు పట్టినా లేవదు. నిండాక ఒక్కరు ఎత్తగలగాలి, అంటే సుమారు 15 కిలోలు దాటకూడదు. మాకు సరిపోయింది ఇలా: పెద్దవి రెండు, చిన్నవి నాలుగు. జిమ్నీలో ముగ్గురికి మించి వెళ్లం, వెనక సీటు ఒకవైపు మడిచేస్తాం.

అడుగున అంకె చూశారా?

డబ్బా తిరగేస్తే త్రికోణంలో ఒక అంకె ఉంటుంది. 5 ఉంటే పాలీప్రొపిలీన్, 2 ఉంటే హెచ్‌డీపీఈ. మన ఎండలకి, మన కొండలకి రెండూ పనికొస్తాయి. అయితే స్పితి, లద్దాఖ్ లాంటి చోట్లకి వెళ్లే ఆలోచన ఉంటే తేడా తెలియాలి. మామూలు పాలీప్రొపిలీన్ సున్నా డిగ్రీల దగ్గరికి వచ్చేసరికి పెళుసుబారుతుంది. గట్టి కుదుపుకి మూల పగలొచ్చు. హెచ్‌డీపీఈ అంతకన్నా ఎంతో ఎక్కువ చలిని తట్టుకుంటుంది. ఎండ రెండింటికీ శత్రువే. డాబా మీద వదిలేస్తే కొన్నాళ్లకి గోకితే పొడి రాలుతుంది. 6 అంకె ఉన్న, అద్దంలా మెరిసే డబ్బాలు చూడ్డానికే బాగుంటాయి, గతుకులకి పనికిరావు.

మదనపల్లె మార్కెట్లో టమాటాలు మోసే ప్లాస్టిక్ క్రేట్లు చూసే ఉంటారు. అవీ మొండివే, ఒకదానిమీద ఒకటి చక్కగా కూర్చుంటాయి. చిల్లులుంటాయి కాబట్టి తిండికీ పడకకీ వద్దు. తడి తాళ్లు, బురద బూట్లు, మసి గిన్నెలు వేయడానికి మాత్రం వాటిని మించినవి లేవు.

మూత దగ్గర జాగ్రత్త. రెండు వైపులా క్లిప్పులుండాలి. అంచున రబ్బరు పట్టీ ఉంటే ఇంకా మంచిది. పట్టీ ఉన్నా సరే, జల్లుకి ఆగుతుందే తప్ప వాగులో మునిగితే ఆగుతుందని నమ్మకండి. స్లీపింగ్ బ్యాగునీ, పొడిబట్టలనీ ముందు మందపాటి ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఆ తర్వాతే డబ్బాలో పెట్టండి.

ఏ వస్తువు అని కాదు, ఎప్పుడు కావాలని...

అసలు కిటుకు ఇదే. మొదట్లో నేను ఇంట్లో సర్దినట్టే సర్దాను. కరెంటు సామాన్లు ఒక డబ్బా, ఇనప సామాన్లు ఒక డబ్బా, గుడ్డలు ఒక డబ్బా. టెంటు వేయాలంటే టెంటు ఒకచోట, మేకులు ఇంకోచోట, సుత్తి మరోచోట, హెడ్‌ల్యాంప్ నాలుగోచోట. ఒక్క పనికి నాలుగు మూతలు తీయాలి! ఆ తర్వాత పద్ధతి మార్చా. ఒక పనికి ఒకే సమయంలో కావాల్సినవన్నీ ఒకే డబ్బాలో.

ఒకటో డబ్బా, అత్యవసరం: ఫస్ట్ ఎయిడ్ కిట్, టార్చి, విజిల్, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, అందరి మందులు. ఎర్ర టేపు చుట్టండి. దీనిమీద ఇంకేదీ పెట్టకూడదు. తలుపు తీయగానే చేతికి తగలాలి.

రెండోది, బండి కోసం: టో స్ట్రాప్, షాకిల్స్, చేతి తొడుగులు, పంక్చర్ కిట్, టైర్లలో గాలి నింపే పంపు. బురదలో దిగబడినప్పుడు బండి ఒక పక్కకి ఒరిగి ఉండొచ్చు, వర్షం పడుతుండొచ్చు. అప్పుడు మిగతా సామానంతా దించి దీన్ని వెతుక్కునే పరిస్థితి రాకూడదు. ఇదీ తలుపు దగ్గరే.

మూడోది, దిగగానే కావాల్సినవి: టార్పాలిన్, మేకులు, సుత్తి, తాడు, హెడ్‌ల్యాంపులు. టెంటుకి దాని సంచి సరిపోతుంది, దీని పక్కనే ఉంచండి.

నాలుగోది వంట: స్టవ్, గిన్నెలు, లైటర్, కత్తి, సబ్బు. కత్తికి తొడుగు తప్పనిసరి, అనుభవంతో చెబుతున్నా. ఐదోది తిండి. రాత్రి దీన్ని బయట వదలొద్దు, టెంటులోకీ తేవొద్దు. మూత బిగించి బండిలో పెట్టి తాళం వేయండి. కోతులకి క్లిప్పు తీయడం మనకన్నా బాగా వచ్చు, ఎలుగులు తిరిగే చోటైతే ఇక చెప్పక్కర్లేదు. ఆరోది పడక. రోజులో చివర తీసేది కాబట్టి అన్నింటికన్నా లోపల.

పేరు మూత మీద రాయకండి. ఒకదానిమీద ఒకటి పెట్టాక మూత కనిపించదు కదా. పక్కగోడల మీద, రెండు వైపులా పెద్దక్షరాలతో రాయండి. మూత లోపలి వైపు ఆ డబ్బాలో ఉండాల్సిన వస్తువుల జాబితా అతికించండి.

కట్టని డబ్బా... ఎగిరే రాయి

ఇక్కడ కాస్త ఫిజిక్స్. గంటకి 40 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న బండి దేన్నో గుద్దుకుని టక్కున ఆగిందనుకోండి. వెనకున్న డబ్బా ఆగదు. అదే వేగంతో ముందుకొస్తుంది. ఆరు మీటర్ల ఎత్తు నుంచి కింద పడే వస్తువు నేలని తాకే వేగం కూడా దాదాపు అంతే. అంటే, 15 కిలోల డబ్బాని రెండంతస్తుల మేడ మీంచి మీ తల మీద వేసినట్టు! అందుకే బరువైనవి అడుగున, వెనక సీటుకి ఆనించి పెట్టండి. డిక్కీలో ఉండే కొక్కేలకి రాట్చెట్ బెల్టుతో బిగించండి. బైకు వెనక కట్టే సాగే రబ్బరు తాడు దీనికి చాలదు. డబ్బాలు సీటు ఎత్తు దాటకూడదు, వెనక అద్దంలోంచి రోడ్డు కనపడాలి. నీళ్ల క్యాను మర్చిపోవద్దు. 20 లీటర్లంటే 20 కిలోలు, దాన్నీ కట్టాల్సిందే. బరువైన డబ్బాలని టాప్ మీదకి ఎక్కించకండి. బండి పైభాగం బరువెక్కితే ఏటవాలు దారిలో బోల్తాపడే ప్రమాదం పెరుగుతుంది.

డబ్బాలో పెట్టకూడనివీ ఉన్నాయి. పెట్రోలు వీటిలో దాచొద్దు. గ్యాస్ క్యానిస్టర్‌ని స్టవ్‌కి తగిలించి సర్దొద్దు, ఎండలో మూసిన బండిలో వదలొద్దు. 50 డిగ్రీల వేడి దాటనివ్వొద్దని దానిమీదే రాసి ఉంటుంది. పవర్ బ్యాంకుకీ అదే నియమం. ఇంకో చిట్కా: బ్యూటేన్ ఒక్కటే ఉన్న క్యానిస్టర్ సున్నా డిగ్రీల దగ్గర మంట ఇవ్వదు. చలి ప్రాంతాలకి ప్రొపేన్ కలిపినది తీసుకోండి.

తిరిగొచ్చాకే అసలు పని

ఆదివారం రాత్రి అలసిపోయి డబ్బాలు అలాగే పడేస్తాం. తడి టెంటుని మూసిన డబ్బాలో వదిలితే కొద్దిరోజుల్లోనే బూజు పట్టి వాసనొస్తుంది. మర్నాడే తీసి నీడలో ఆరబెట్టండి. మూత లోపలి జాబితా చూస్తూ వాడేసిన దూది, అయిపోయిన లైటరు, తగ్గిన ఉప్పు మళ్లీ నింపండి. అరగంట పని. వచ్చే ట్రిప్పు అప్పుడే సగం సిద్ధమైనట్టు.

మెకానికల్, ఇండస్ట్రియల్ విద్యార్థులకి ఇదంతా ఎక్కడో చదివినట్టు అనిపిస్తుందేమో. జపాన్ ఫ్యాక్టరీల నుంచి వచ్చిన ‘5ఎస్’ చెప్పేది ఇదే: అక్కర్లేనిది తీసేయ్, ప్రతిదానికీ ఒక చోటు పెట్టు, శుభ్రం చెయ్, అందరికీ ఒకే పద్ధతి ఉంచు, దాన్ని వదలకు. ఒక పనికి కావాల్సిన భాగాలన్నీ ఒకే ట్రేలో పెట్టి కార్మికుడికి అందించడాన్ని ‘కిట్టింగ్’ అంటారు. ఇంటర్వ్యూలో ‘మీరు పరిష్కరించిన ఒక సమస్య చెప్పండి’ అంటే ఎక్కడో దొరికిన జవాబు బట్టీపట్టక్కర్లేదు. ఇలాంటి పని ఒకటి సొంతంగా చేసి ఉంటే చాలు, మాటలు అవే వస్తాయి.

పరీక్ష ఒక్కటే

మీ సర్దుడు బాగుందో లేదో తెలియాలంటే సర్దినవాళ్లు పక్కకి తప్పుకోండి. మీ గుంపులోకి కొత్తగా వచ్చినవాళ్లని పిలిచి, లైట్లన్నీ ఆర్పేసి, ‘ఫస్ట్ ఎయిడ్ కిట్ తీసుకురా’ అనండి. నిమిషంలోపు తెస్తే పాసైనట్టు. మీకొక్కరికే తెలిస్తే ఏం లాభం? రేపు వేలు తెగేది మీదే కావొచ్చు.

పోయిన ఏడాది మారేడుమిల్లిలో, క్యాంపింగ్‌కి అనుమతి ఉన్న చోటే దిగాం. పక్క టెంటులో ఒకాయన చేతిమీద మరుగుతున్న టీ ఒలికింది. మేం లేచేలోపే, మాతో మొదటిసారి వచ్చిన తమ్ముడు ఎర్ర టేపు డబ్బా తెచ్చేశాడు. ఇంకొకరం నీళ్ల క్యాను మోసుకెళ్లాం. ఇరవై నిమిషాలు చేతిమీద నీళ్లు పోస్తూనే ఉండి, శుభ్రమైన గుడ్డ వదులుగా కప్పి ఆసుపత్రికి పంపించాం. వెనక్కొచ్చి తమ్ముణ్ని అడిగా, ‘నీకెలా తెలుసురా అదెక్కడుందో?’ అని. వాడు వింతగా చూసి, ‘డబ్బా మీద రాసుంది కదన్నా’ అన్నాడు.

మొదటిసారైతే ఇలా మొదలుపెట్టండి

* ఆరూ ఒకేసారి కొనొద్దు. అత్యవసరం, వంట, పడక... ఈ మూడింటితో ఒక ట్రిప్పు వెళ్లి రండి. ఏం తగ్గిందో, ఏం ఎక్కువైందో మీకే తెలుస్తుంది.

* రెండు ట్రిప్పుల్లో ఒక్కసారీ వాడని వస్తువుని డబ్బాలోంచి తీసేయండి. ఫస్ట్ ఎయిడ్‌కీ, బండి సామానుకీ మాత్రం ఈ రూలు వర్తించదు.

* అన్నీ ఒకే రకం డబ్బాలు కొంటే మూతలు ఒకదానివి మరోదానికి సరిపోతాయి, పేర్చడం తేలిక.

* సొంత బండి లేకపోయినా ఫర్వాలేదు. అద్దె బండిలోకైనా, స్నేహితుడి బండిలోకైనా అవే డబ్బాలు మారతాయి. ముందు ఆ డిక్కీ కొలతలు అడగండి.

* అడవిలో ఎక్కడపడితే అక్కడ టెంటు వేయకండి. అటవీశాఖ అనుమతి ఉన్న చోటే దిగండి. చెత్తకి ఒక ఖాళీ సంచి డబ్బాలో ఉంచి, మీది మీరే వెనక్కి తెచ్చుకోండి.