ఆంగ్ల ‘రన్’ క్రియ నానార్థ విస్తృతి – తెలుగు సమానార్థకాలు

వ్యాససంగ్రహం

ఆంగ్లంలో అత్యధిక అర్థభేదాలు గల క్రియలలో ‘రన్’ ఒకటి. దాని అర్థవిస్తృతికి గల కారణాలను, తెలుగులో ఆయా అర్థాలకు నిలిచే క్రియలను పరిశీలించి, ద్విభాషా నిఘంటు రచనకు, అనువాదానికి ఉపకరించే కొన్ని అంశాలను సూచించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: రన్, నానార్థం, లక్షణ, ప్రేరణక్రియ, అనువాదం, నిఘంటువు.

1. ఉపోద్ఘాతం

నిత్యవ్యవహారంలో ఎక్కువగా వాడే చిన్న మాటలకే నానార్థాలు ఎక్కువగా ఏర్పడతాయి. 1989లో వెలువడిన ఆక్స్‌ఫర్డ్ ఆంగ్ల నిఘంటువు రెండవ కూర్పులో అతి దీర్ఘమైన వివరణ పొందిన పదం ‘సెట్’. దాని క్రియారూపానికి అందులో 430 అర్థాలున్నాయి. తరువాతి పరిష్కరణలో ‘రన్’ క్రియ 645 అర్థాలతో దానిని అధిగమించింది. ఇంతటి విస్తృతి గల క్రియకు ‘పరుగెత్తు’ అనే ఒక్క సమానార్థకాన్నే మనసులో ఉంచుకోవడం వల్ల అనువాదంలో అర్థభంగం కలుగుతున్నది.

2. చారిత్రక నేపథ్యం

ప్రాచీన ఆంగ్లంలో తాను పరుగెత్తడానికి ‘రిన్నన్’, ‘ఇర్నన్’ అనే అకర్మక రూపాలు, గుర్రం వంటివాటిని పరుగెత్తించడానికి ‘ఎర్నన్’ అనే ప్రేరణరూపం వేర్వేరుగా ఉండేవి. ప్రాచీన నార్స్ భాషలోని ‘రిన్నా’, ‘రెన్నా’ రూపాల మధ్య కూడా ఇదే భేదం ఉన్నది. మధ్యకాలపు ఆంగ్లంలో ఈ రూపాలన్నీ కలిసిపోయాయి. అందువల్ల నేటి ‘రన్’ అకర్మకంగానూ, సకర్మకంగానూ ఒకే రూపంతో ప్రవర్తిస్తుంది.

తెలుగు ఈ భేదాన్ని నిలుపుకొన్నది. నడుచు–నడుపు, పారు–పారించు, కారు–కార్చు జంటలు ఇందుకు నిదర్శనాలు. కనుక ‘రన్’ను తెలుగులోకి తెచ్చేటప్పుడు తేల్చుకోవలసిన మొదటి విషయం అది అకర్మకమా, సకర్మకమా అన్నదే.

3. అర్థవిస్తరణ క్రమం

‘రన్’ అర్థాలు పరస్పర సంబంధం లేనివి కావు. ఆలంకారికులు చెప్పిన లక్షణావృత్తి ఇక్కడ చక్కగా అన్వయిస్తుంది. నదికి కాళ్లు లేవు గనుక ముఖ్యార్థానికి బాధ కలుగుతుంది. ఒక మార్గంలో ఆగక సాగడమనే సంబంధం వల్ల లక్ష్యార్థం సిద్ధిస్తుంది. దీర్ఘకాల వ్యవహారం వల్ల అది రూఢమవుతుంది. నది, యంత్రం, సంస్థ, నాటకం, ఒప్పందపు గడువు – ఇవన్నీ ఈ విధంగానే ‘రన్’ క్రియకు కర్తలో కర్మలో అయ్యాయి. కదలనే కదలని రహదారి సైతం ఆంగ్లంలో ఊరి గుండా ‘రన్’ అవుతుంది. అంటే ఈ క్రియ చాలా సందర్భాలలో వేగాన్ని వదులుకొని, నిరంతరతను మాత్రమే మిగుల్చుకొన్నది.

4. తెలుగు సమానార్థకాలు

తెలుగు ‘పరుగు’ దీనికి భిన్నం. లాక్షణిక ప్రయోగాలలో కూడా అది వేగాన్ని విడిచిపెట్టదు. ‘ధరలు పరుగులు పెడుతున్నాయి’ అన్నప్పుడు స్ఫురించేది వేగమే. నిరంతరతను తెలుగు ఎక్కువగా నడకతో చెబుతుంది: బస్సు నడుస్తుంది, వ్యాపారం నడుస్తుంది, కోర్టులో కేసు నడుస్తుంది, ప్రభుత్వాన్ని నడుపుతారు. ఆంగ్లం పరుగెత్తే చోట తెలుగు నడుస్తుందన్నమాట. ‘ఆమె బడిని నడుపుతున్నది’ అనవలసిన చోట ‘పరుగెత్తిస్తున్నది’ అంటే మూలంలో లేని తొందర వాక్యంలోకి వస్తుంది.

ఇతర కర్తలతో ఇతర క్రియలు వస్తాయి. నీరు పారుతుంది, ముక్కు కారుతుంది, సినిమా వంద రోజులు ఆడుతుంది, దారి ఊరి మీదుగా పోతుంది. ఎన్నికల విషయంలో అమెరికన్ ఆంగ్లం అభ్యర్థిని పరుగెత్తిస్తే, బ్రిటిష్ ఆంగ్లం నిలబెడుతుంది. తెలుగులోనూ అభ్యర్థి ‘నిలబడతాడు’ లేదా ‘పోటీ చేస్తాడు’.

5. పదబంధాలు, ఆదానాలు

‘అవుట్’, ‘ఇంటు’, ‘ఓవర్’ వంటి మాటలు చేరినప్పుడు అర్థం మరింత దూరం పోతుంది. ‘రన్ అవుట్’ అంటే సరుకు అయిపోవడం. ‘రన్ ఇంటు’ అంటే అనుకోకుండా ఎదురుపడటం లేదా ఢీకొనడం. ‘రన్ ఓవర్’ అంటే వాహనం తొక్కివేయడం, పాత్ర పొంగిపొర్లడం. వీటిని విడదీసి అనువదించడం సాధ్యం కాదు.

క్రికెట్‌లో ‘రన్’కు ‘పరుగు’ సహజంగా కుదిరింది. అయితే బంతి హద్దు దాటినప్పుడు ఆటగాళ్లు పరుగెత్తనక్కరలేకుండానే ‘నాలుగు పరుగులు’ వస్తాయి. అంటే తెలుగు మాట కూడా లెక్కకు ప్రమాణంగా మారింది. అదే ఆటలోని ‘రనౌట్’ మాత్రం ఆదానంగానే నిలిచింది. కంప్యూటర్ రంగంలో ‘రన్ అవు’, ‘రన్ చేయు’ అనే జంట ఏర్పడింది. ఎరువు తెచ్చుకొన్న మాటకు కూడా తెలుగు తన అకర్మక–సకర్మక భేదాన్ని అన్వయించడం గమనార్హం.

6. ముగింపు

• ‘రన్’ నానార్థాలకు ప్రధాన ఆధారం వేగం కాదు, నిరంతరత.
• తెలుగు సమానార్థకాన్ని నిర్ణయించేవి వాక్యంలోని కర్త, కర్మలు.
• కనుక ద్విభాషా నిఘంటువు పర్యాయపదాలను వరుసగా పేర్చడంతో ఆగకూడదు. ఏ కర్తకు ఏ క్రియ చెల్లుతుందో ప్రయోగంతో చూపాలి. తరగతి గదిలో అనువాద బోధన సైతం పదంతో గాక వాక్యంతో మొదలుకావాలి.